‘సర్వస్వామ్య సంకలితము’ – ఒక విమర్శ

పాత తెలుగు గ్రంథములను తెరచి చూచినచో, ముఖపత్రము వెనుక, ముద్రాక్షరశాల పేరునకును వెలకును నడుమ ‘సర్వస్వామ్య సంకలితము’ అను మాట కన్పట్టును. కొన్నింట ‘కాపీరైటు రిజిస్టర్డు’ అనియు, మరికొన్నింట ‘సర్వహక్కులు గ్రంథకర్తవి’ అనియు ఉండును. పాఠకుడు ఆ పుటను చదువడు. ప్రకాశకుడు అలవాటు చొప్పున అచ్చువేయించును. గ్రంథకర్త మాత్రము దానిని కవచమువలె భావించును. ఈ మాట కావ్యములోనిది కాకపోయినను కావ్యముయొక్క ఆయుర్దాయమునకు సంబంధించినది. కనుక దీనిని పరీక్షించుటయు సాహిత్య విమర్శలో చేరినదే యని నా అభిప్రాయము.

నేను న్యాయవాదిని గాను, పండితుడను గాను. మెట్రిక్యులేషను వరకు చదివి, కచేరీలో గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి పొందినవాడను. ఏ కాగితముపై ఎవరి సంతకమున్నది, ఏ తేదీ యున్నది, ఎంత కాలమునకు చెల్లును అని చూచుట మాత్రము నాకు అలవాటైనది. ఆ అలవాటుతో గ్రంథస్వామ్య విషయమును పరిశీలింపగా నాకు రెండు సంగతులు తోచినవి. చట్టము మన రచయితలు తలంచిన దానికంటె ఉదారమైనది. కాని గ్రంథమును దొంగనుండి కాపాడగల చట్టము, ఉపేక్షనుండి కాపాడజాలదు. తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్రములలోను, పుదుచ్చేరి పాలనలోని యానాములోను తరతరములుగా నివసించుచున్న మన కుటుంబములకు ఈ రెండవ సంగతియే ముఖ్యము.

మొదట ఒక భ్రమను తొలగించుకొనవలెను. ముఖపత్రము వెనుక ఆ మాట లేనిచో హక్కు లేదనియు, ప్రభుత్వమువద్ద రిజిస్టరు కానిచో రచన ఎవరైనను ఎత్తుకొనిపోవచ్చుననియు అనేకులు నమ్ముచున్నారు. వ్రాతప్రతిని కవరులో పెట్టి, ముద్రవేసి, తమకు తామే రిజిస్టరు తపాలాలో పంపుకొని విప్పకుండ దాచినవారును కలరు. ఇదంతయు అనవసర భయము. ఇప్పుడు మన దేశమున అమలులో నున్నది 1957వ సంవత్సరపు కాపీరైటు చట్టము. ఇది 1958 జనవరి 21వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దీని ననుసరించి, స్వంతముగా రచించిన మాట కాగితముపైకి ఎక్కినపుడే రచయితకు హక్కు పుట్టును. రిజిస్ట్రేషను ఐచ్ఛికము. వివాదము వచ్చినపుడు అది ప్రాథమిక సాక్ష్యముగా పనికివచ్చును గాని హక్కును పుట్టింపదు. బిడ్డకు జనన పత్రమెట్టిదో గ్రంథమునకు ఈ రిజిస్ట్రేషను అట్టిది. పత్రము లేనంతమాత్రమున బిడ్డ పరులది కాదు.

ఐతే రచయితకు కలిగిన హక్కు దేనిపై? రచనపై మాత్రమే, ఆలోచనపై కాదు. నలుని కథ ఎవరి సొత్తు? బళ్లారి నివాసి, ‘ఆంధ్రనాటక పితామహు’డని కీర్తి గాంచిన ధర్మవరము కృష్ణమాచార్యులవారు ‘చిత్రనళీయము’ రచించిరి. అంతమాత్రమున నలుని కథ వారిది కాలేదు. ఆ సంభాషణములు, ఆ పద్యములు, ఆ రంగముల కూర్పు వారివి. ఈ భేదమును మన సర్వోన్నత న్యాయస్థానము 1978లో ఆర్. జి. ఆనంద్ అను నాటకకర్త వ్యాజ్యములో స్పష్టపరచినది. ఆయన నాటకము పేరు ‘హమ్ హిందుస్తానీ’. పంజాబీ కుటుంబమును మదరాసీ కుటుంబమును ఇరుగుపొరుగున ఉండగా, ప్రాంతాభిమానమువలన వారి పిల్లల వివాహమునకు కలిగిన చిక్కులు అందలి వస్తువు. అటువంటి వస్తువుతోనే ‘న్యూ ఢిల్లీ’ అను చలనచిత్రము 1956లో వెడలినది. వస్తువుపైన, భావముపైన ఎవ్వరికిని స్వామ్యము లేదనియు, దానిని తీర్చిదిద్దిన రూపమునకే రక్షణ కలదనియు న్యాయస్థానము చెప్పి, రెండింటికిని గల వ్యత్యాసములను ఎత్తిచూపి, నాటకకర్త వాదమును త్రోసివేసినది. పరభాషా ప్రాంతములో మనము పడు పాట్లు, మన పెండ్లిండ్లలోని భాషా కలహములు అనేకులు వ్రాయవచ్చును. ‘నా కథను దొంగిలించినారు’ అని కేకలు వేయుటకు ముందు, దొంగిలించినది మాటలనా, లేక లోకములో అందరికిని జరుగుచున్న సంగతినా అని రచయిత తన్ను తాను ప్రశ్నించుకొనవలెను.

ఇచ్చట కొందరు పెద్దలు ఒక ఆక్షేపణ చేయుదురు. ‘గ్రంథస్వామ్యము పాశ్చాత్యుల వర్తకబుద్ధి. మన పూర్వులకు ఈ లోభము లేదు. తాటాకు ప్రతులు వ్రాయించి పంచుట పుణ్యమనిరి’ అని వారి వాదము. ఇందులో సగము సత్యము. తిరువైయారులో త్యాగరాజస్వామి నోట వెడలిన కీర్తనలను శిష్యులు వ్రాసికొనకపోయినచో అవి మనకు దక్కెడివి కావు. వాలాజాపేట వేంకటరమణ భాగవతారువంటి శిష్యుల వ్రాతప్రతులే నేటికిని ఆధారములు. నాడు ప్రతి వ్రాయుట చౌర్యము కాదు, సేవ.

కాని తక్కిన సగము మరువరాదు. పూర్వులు ప్రతులను లెక్కింపలేదు గాని పేరును లెక్కించిరి. త్యాగరాజస్వామి తన పేరునే కీర్తనలో నిలిపిరి. క్షేత్రయ్య మువ్వగోపాలుని ముద్ర వేసెను. ముద్ర లేని పదమును ఎవరిదో చెప్పలేక పండితులు నేటికిని తగవులాడుచున్నారు. కృతిని కన్యగా భావించి కృతిభర్తకు సమర్పించు ఆచారమును అట్టిదే. చేమకూర వేంకటకవి ‘విజయవిలాసము’ను తంజావూరు రఘునాథ నాయకునకు అంకితమిచ్చెను. ప్రభువు సన్మానించెను. ఐనను ఆ కావ్యము రఘునాథుడు వ్రాసినదని ఎవరును అనలేదు. కన్యను ఇచ్చినంత మాత్రమున తండ్రి తండ్రి కాకపోవునా?

నేటి చట్టములోని 57వ విభాగము నాకు ఈ కృతికన్యా న్యాయమునే జ్ఞప్తికి తెచ్చుచున్నది. రచయిత హక్కులన్నియు అమ్ముకొన్నను, ఆ రచన తనదని చెప్పుకొను హక్కు అతనిని విడిచిపోదు. తన ప్రతిష్ఠకు భంగము కలుగునట్లు రచనను వికృతము చేసినచో అడ్డుకొను హక్కును ఉండును. హిందీ రచయిత్రి మన్నూ భండారీ తన నవలను చిత్రనిర్మాతలు మార్చివేసిరని ఢిల్లీ ఉన్నత న్యాయస్థానమునకు పోగా, 1986లో ఆ న్యాయస్థానము రచయితకు గల ఈ ప్రత్యేక హక్కును గట్టిగా సమర్థించినది. కనుక గ్రంథస్వామ్యము కేవలము రూకల లెక్క కాదు. పేరు, మర్యాద అందులో ఇమిడియున్నవి.

ఇక అసలు ప్రమాదమెక్కడ? నా పరిశీలనలో, మన రచయితలు దొంగలవలన నష్టపడినదానికంటె తమ చేతి సంతకమువలన నష్టపడినదే అధికము. ప్రకాశకుడు ఒక కాగితము చాచును. ‘సర్వహక్కులు శాశ్వతముగా ఇచ్చివేసితిని’ అను వాక్యమునకు క్రింద రచయిత చేవ్రాలు చేయును. పుస్తకము అచ్చగుచున్నదను ఆనందములో చదువడు. ఇంటిస్థలము అమ్మునపుడు నాలుగు ఎల్లలు చూచుకొను గృహస్థు, ఇరువది యేండ్ల శ్రమను ఎల్లలు లేకుండ వ్రాసియిచ్చుట విచిత్రము కాదా?

ఈ విషయములో చట్టము చెప్పునది చదువరులు గుర్తుంచుకొనదగినది. హక్కు బదలాయింపు వ్రాతమూలకముగా, ఇచ్చువాని సంతకముతో ఉండవలెను. ఏ గ్రంథము, ఏ హక్కు, ఎంత కాలము, ఏ ప్రాంతము, ఎంత ప్రతిఫలము అనునవి అందులో వ్రాయవలెను. కాలము వ్రాయనిచో ఐదు సంవత్సరములని భావింపబడును. ప్రాంతము వ్రాయనిచో భారతదేశమువరకే. హక్కు పుచ్చుకొన్నవాడు ఒక సంవత్సరములోగా దానిని వినియోగింపనిచో, ఒప్పందములో వేరుగా చెప్పియుండనంతవరకు, ఆ హక్కు వీగిపోవును. అచ్చువేయు హక్కు వేరు. అనువదించు హక్కు వేరు. నాటకముగా ఆడు హక్కు వేరు. చలనచిత్రముగా తీయు హక్కు వేరు. ఒకటి ఇచ్చినంతనే తక్కినవి వెంట పోవలసిన పనిలేదు. మరియొక సంగతి. ఉద్యోగధర్మముగా వ్రాసినది యజమానిదగును. నేను కచేరీలో వ్రాసిన నోట్లన్నియు ప్రభుత్వము సొత్తే. వానికై ఎవరును పోటీపడలేదు గనుక నాకును చింత లేదు. కాని ఉద్యోగి ఇంటికి వచ్చి రాత్రివేళ వ్రాసికొన్న పద్యము అతనిదే.

చలనచిత్ర గీతముల చరిత్ర ఈ సంతకముల నష్టమునకు పెద్ద నిదర్శనము. 1977లో సర్వోన్నత న్యాయస్థానము ఇచ్చిన తీర్పు ననుసరించి, ప్రతిఫలము పుచ్చుకొని చిత్రమునకు పాట వ్రాసినవాడును, వరుస కట్టినవాడును, వేరు ఒప్పందము లేనిచో, హక్కును నిర్మాతకే వదలుకొన్నట్లయ్యెను. పాట దేశమంతట మ్రోగినను కవికి రెండవమారు ఒక రూక రాలేదు. 2012లో చట్టమును సవరించి, చిత్రశాల వెలుపల పాట వినియోగమైనపుడు కవికిని స్వరకర్తకును సమానభాగము రావలెననియు, ఆ భాగమును పరులకు వ్రాసియిచ్చినను చెల్లదనియు నిర్ణయించిరి. కవి తన్ను తాను కాపాడుకొనలేడని చట్టము గ్రహించి అతని చేతినే పట్టుకొన్నదన్నమాట!

రచయిత పోయిన తరువాత కథ మరింత చిక్కుబడును. తమిళనాడులోని మనకు తెలిసిన ఉదాహరణము సుబ్రహ్మణ్య భారతిది. ఆ మహాకవి 1921లో దరిద్రమున మరణించెను. భార్య చెల్లమ్మ గారు, తరువాత కుటుంబమువారు ఆయన రచనలను ప్రకటించుటకు పాటుపడిరి. పాటలను రికార్డులలోను చిత్రములలోను వాడు హక్కు మాత్రము వేరుగా చేతులు మారి, చివరకు చిత్రనిర్మాత ఎ. వి. మెయ్యప్ప చెట్టియారు గారి వశమైనది. ‘బిల్హణన్’ అను చిత్రములో భారతి పాటను వాడుటపై 1948లో వివాదము చెలరేగెను. స్వాతంత్ర్యమును గానము చేసిన కవి పాటను పాడుటకు అనుమతి వలయునా యని తమిళులు మండిపడిరి. 1949లో మద్రాసు ప్రభుత్వము ఆ హక్కులను తీసికొని, తరువాత ప్రజలపరము చేసినది. పిమ్మట ఇతర రచయితల విషయములోను, వారసులకు సొమ్ము చెల్లించి రచనలను అందరివిగా చేయు పద్ధతి తమిళనాడులో కొనసాగినది.

ఈ పద్ధతి మెచ్చదగినదే. కాని విమర్శకుడు ఒక మాట అడుగక తప్పదు. భారతి హక్కులకై ప్రజలు పోరాడినది ఎందుకు? ఆ పాటలు వారి నాలుకలపై ఉన్నవి గనుక. ఎవరును పాడని పాటకు విముక్తి ఇచ్చి ఏమి లాభము?

మన దేశమున రచయిత జీవితకాలమునకు పైన 60 సంవత్సరములు హక్కు నిలుచును. మరణించిన మరుసటి సంవత్సరము ఆరంభమునుండి లెక్క. మొదట ఇది 50 సంవత్సరములే. 1941లో గతించిన రవీంద్రనాథుని హక్కులు ముగియు సమయమున పొడిగించిరి. 1992లో చట్టమును సవరించిరి. జంటకవుల విషయములో కడపట మరణించినవారినుండి లెక్కింపవలెను. తిరుపతి వేంకటకవులలో దివాకర్ల తిరుపతిశాస్త్రి గారు ముందుగాను, బాల్యమున యానాములో పెరిగిన చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి గారు 1950లోను కీర్తిశేషులైరి. కావున వారి జంట రచనలకు 2010వ సంవత్సరాంతముతో గడువు తీరినది. మిత్రుడు పోయిన పిమ్మటను వేంకటశాస్త్రి గారు ఇద్దరి పేరనే రచనలు ప్రకటించిరి. చట్టము గడువును మాత్రమే లెక్కించును. ఆ స్నేహమును లెక్కింపజాలదు.

ఈ గడువులు చూచి, హక్కు తీరినంతనే గ్రంథము లోకమునకు దొరకునని అనుకొందుమా? బళ్లారివారినే మరల తలంపుడు. ధర్మవరము కృష్ణమాచార్యులవారు 1912లోను, కోలాచలము శ్రీనివాసరావుగారు 1919లోను దివంగతులైరి. వారి నాటకములు ఎవరి అనుమతియు లేకుండ ఎవరైనను అచ్చువేయవచ్చును, ఆడవచ్చును. తాళము తీసి దశాబ్దములు గడచినవి. ఐనను మన పిల్లలలో ఆ నాటకములను చేతపట్టి చూచినవారెందరు? ప్రసిద్ధుల గతియే ఇట్లుండగా, ఒక చిన్న పట్టణములో నూరు ప్రతులు అచ్చువేసికొన్న తెలుగు ఉపాధ్యాయుని శతకము మాటేమి? అరువది యేండ్లు హక్కు బ్రతికియుండును. ఇరువది యేండ్లకే పుస్తకము చచ్చిపోవును. మనుమలు తమిళమునో, కన్నడమునో, ఒరియానో చదువుకొనియుందురు. తాతగారి పుస్తకమునకు తామే యజమానులమని వారికి తెలియదు. అచ్చువేయదలచినవానికి ఎవరిని అడుగవలెనో తెలియదు. తాళము వేసియున్నది; తాళపుచెవి ఎవరివద్ద నున్నదో ఎరిగినవాడు లేడు. ‘సర్వస్వామ్య సంకలితము’ అను మాటలోని గొప్ప లోపము ఇదియే. సర్వస్వామ్యము ఎవరిదో చెప్పును గాని, వారు ఎక్కడ దొరకుదురో చెప్పదు.

మన సంఘములను గూర్చియు నిర్మొగమాటముగా కొంత చెప్పవలెను. ఇట్టి సంచికలలో ఎవరిదో పద్యము, ఎవరిదో వ్యాసము, పేరైనను లేకుండ, ‘సేకరణ’ అని అచ్చుపడుచుండుట నేను చూచితిని. సేకరించినవాని పేరు పెద్ద అక్షరములలో, వ్రాసినవాని పేరు ఎక్కడను లేకుండ! ఇది సేవ అనిపించుకొనదు. నేడు చేతిలోని ఫోనుతో పుస్తకమంతయు పుటలు పుటలుగా ఛాయాచిత్రములు తీసి వందమందికి పంపుటయు సాహిత్యసేవగా చెలామణియగుచున్నది. గడువు తీరిన గ్రంథమునకు అది మేలే. కాని జీవించియున్న రచయిత అప్పుచేసి అచ్చువేయించుకొన్న మూడువందల ప్రతులు ఇంటిలో మూలుగుచుండగా అట్లు చేయుట, అన్నము పెట్టినవాని విస్తరి లాగుకొనుటయే.

చట్టము సంఘములపై కఠినముగా నున్నదని అనుకొనరాదు. విమర్శకొరకు న్యాయమైన మేరకు ఉదాహరించుట తప్పు కాదు. వృత్తినటులు కాని సభ్యులు, టిక్కెట్టు లేకుండ, ప్రేక్షకులకు ఉచితముగా నాటకమాడుటకును, దేవాలయాది ధార్మికసంస్థ సహాయార్థము ఆడుటకును మినహాయింపు కలదు. వివాహాది శుభకార్యములలో పాటలు పాడుకొనుటకును అడ్డులేదు. కాని టిక్కెట్లు అమ్మి ఆడినపుడు, పూర్తి రచనను సంచికలో మరల అచ్చువేసినపుడు అనుమతి పొందవలెను. అనుమతికి కావలసినది తరచుగా ఒక కార్డు ముక్క, ఒక నమస్కారము మాత్రమే. మన సంచికకు వ్యాసమిచ్చిన రచయిత, వేరుగా వ్రాసియిచ్చిననే తప్ప, ఆ సంచికవరకే మనకు అనుమతి ఇచ్చినట్లు గ్రహింపవలెను.

ఇండ్లలోని పెట్టెలలో నున్న అముద్రిత గ్రంథముల విషయము మరింత శ్రద్ధకు తగినది. వీలునామాలో వ్రాతప్రతిని ఒకరికి ఇచ్చినచో, వేరుగా చెప్పనంతవరకు, అముద్రిత రచనపై గల హక్కును దానితోనే పోవునని చట్టము చెప్పుచున్నది. పొలమునకు, నగలకు వీలునామా వ్రాయు పెద్దలు ఆ నోటుపుస్తకములకును ఒక పంక్తి వ్రాయరాదా? తన రచన అందరిదై యుండవలెనని కోరు రచయిత, రిజిస్ట్రారునకు తెలియజేసియో బహిరంగ ప్రకటనచేతనో హక్కును వదలుకొనవచ్చును. కర్త మరణించి, వారసుల జాడ తెలియని గ్రంథమునకు, దినపత్రికలో ప్రకటన వేసి, పిమ్మట న్యాయస్థానము అనుమతితో ప్రచురించు మార్గమును కలదు. ఆ మార్గము దీర్ఘమైనది. ఇంటిలోనివారు ముందుగా ఒక కాగితముపై పేరు, చిరునామా వ్రాసియుంచిన ఆ తిప్పలుండవు.

కావున నేను కోరునది ఇది. ఇకమీదట మనలో ఎవరు పుస్తకము ముద్రించినను ముఖపత్రము వెనుక ఆ పాత మాటతో తృప్తిపడక, హక్కుదారుని పేరు, ప్రథమ ముద్రణ సంవత్సరము, తన తరువాత అనుమతి ఇవ్వదగిన వారసుని పేరు, ఏ యే ఉపయోగములకు అడుగకయే వాడుకొనవచ్చునో తెలుపు వాక్యము అచ్చువేయవలెను. ప్రతి సంఘమును తన ఊరి తెలుగు రచయితల జాబితాను, వారి వారసుల చిరునామాలను ఒక రిజిస్టరులో వ్రాసియుంచవలెను. సంచికకు వచ్చిన ప్రతి రచనకు అనుమతి పత్రము తీసికొని దస్త్రములో దాచవలెను. ఇది గుమాస్తా పని యని కొందరు నవ్వవచ్చును. నవ్వనిండు. తాటాకులపై ప్రతులు వ్రాసి మనకు సాహిత్యమును మిగిల్చినవారును ఒక విధముగా గుమాస్తాలే.

తల్లిభాషకు దూరమైన ఊళ్లలో ఆ భాషలో వ్రాసిన ప్రతి పంక్తియు ఒక కుటుంబము ఆస్తి మాత్రము కాదు. మన మందరమును ఇచ్చట జీవించితిమనుటకు సాక్ష్యము. దానిని వ్రాసినవానికి పేరును, ఫలమును దక్కనిత్తము. చదువదలచినవానికి దారి చూపుదము. ఈ యేటి ఉగాదికి ముందుగా ప్రతి గృహస్థుడును ఇంటిలోని పాత పెట్టె నొకమారు తెరచి చూడవలెనని మనవి.